బల్లూ ఎవరి సృష్టి? ‘ది జంగిల్ బుక్’లో గొంతుల నుంచి పుట్టిన జంతువులు

సినిమా చూసి బయటికొస్తూ మనవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఒకటి ఎప్పుడూ ఉంటుంది, ‘ఆయనకి డబ్బింగ్ ఎవరు చెప్పారు?’ అని. తెలుగు ప్రేక్షకుడికి ఇది సహజమైన కుతూహలం. తెర మీద రాజశేఖర్ కళ్లెర్రజేస్తే హాల్లో ఉరిమింది సాయికుమార్ గొంతు. ‘అరుంధతి’లో పశుపతి రూపం సోనూ సూద్‌ది, ఆ గర్జన పి. రవిశంకర్‌ది. ముందు మనిషి, ఆ తర్వాత గొంతు. మన కళ్లకీ చెవులకీ అలవాటైన వరస ఇదే. అందుకే డిస్నీ వాళ్ల బొమ్మల సినిమా ‘ది జంగిల్ బుక్’ గురించి మాట్లాడేటప్పుడు కూడా బల్లూ అనే ఎలుగుబంటి అక్కడ ముందే సిద్ధంగా ఉందనీ, ఫిల్ హారిస్ అనే ఆయన వచ్చి దానికి గొంతు అరువిచ్చాడనీ అనుకుంటాం.

జరిగింది దీనికి తలకిందులు. 1967 అక్టోబరు 18న విడుదలైన ఆ సినిమాలో చాలా జంతువులకి నడక, చూపు, స్వభావం గొంతు దొరికాకే వచ్చాయి. కొన్ని పాత్రలైతే గొంతు మారేసరికి మూల కథలో ఉన్న గుణం పూర్తిగా పోగొట్టుకుని కొత్త జన్మ ఎత్తాయి. ఈ వరస అర్థమైతే సినిమా ఎందుకంత హాయిగా ఉంటుందో తెలుస్తుంది. అందులో మన దేశం ఎందుకు కనబడదో తెలుస్తుంది. ఇవాళ మన హీరోలు సింహాలకీ భూతాలకీ తెలుగులో డబ్బింగ్ చెబుతున్నప్పుడు ఏది కుదురుతుందో, ఏది కుదరదో కూడా తెలుస్తుంది.

మాట ముందు, బొమ్మ వెనక

హాలీవుడ్ స్టూడియోల్లో బొమ్మల సినిమా తయారయ్యే క్రమం ఇలా ఉంటుంది. కథని సన్నివేశాలవారీగా చిన్న చిన్న స్కెచ్‌లు గీసి బోర్డుల మీద వరసగా గుచ్చుతారు. అదే స్టోరీబోర్డు. అది ఒక కొలిక్కి రాగానే నటుల్ని పిలిచి మైకు ముందు డైలాగులు రికార్డు చేస్తారు. అప్పటికి తెర మీద కదిలే బొమ్మ ఒక్కటీ ఉండదు. రికార్డయిన మాటని తీసుకుని, ఏ ధ్వని ఎన్నో ఫ్రేములో మొదలైంది, ఎన్నో ఫ్రేములో ఆగింది అని విడదీసి ఒక పొడవాటి చార్టులో గడి గడికీ రాస్తారు. సెకనుకి 24 ఫ్రేములు. సెకనున్నరలో అయిపోయే చిన్న పలకరింపుకి కూడా 36 గళ్లు కావాలి. ఎక్స్‌పోజర్ షీటు అనే ఆ చార్టు బల్ల మీదికి వచ్చాకే చిత్రకారుడు పెన్సిల్ పట్టుకుంటాడు.

చిత్రకారుడు ఆ రికార్డింగుని పదేపదే వింటాడు. మాటలొక్కటే కాదు, మాటకి ముందు లోపలికి తీసుకున్న ఊపిరి, మధ్యలో మింగిన నవ్వు, చివర్లో సాగదీసిన అక్షరం అన్నీ వింటాడు. భుజం ఎప్పుడు ఎగరెయ్యాలో, కనురెప్ప ఎప్పుడు వాలాలో ఆ ఊపిరే చెబుతుంది. నటుడు తడబడితే బొమ్మ తడబడాలి. అంటే బొమ్మ గొంతుని నటిస్తుందన్నమాట. డిస్నీ స్టూడియోలో ఈ పద్ధతి ‘జంగిల్ బుక్’ కంటే చాలా ముందునుంచీ ఉంది. ఈ సినిమాలో కొత్తగా జరిగిందేమిటంటే, నటుడి గొంతుతోపాటు జనంలో అతనికి ఉన్న పేరు, అతని మాటతీరు, అతని హాస్యం కూడా పాత్రలోకి తెచ్చుకుని దాని చుట్టూ కథనే తిరగరాసుకున్నారు.

పుస్తకం పక్కనపెట్టిన రోజు

రడ్‌యార్డ్ కిప్లింగ్ బొంబాయిలో పుట్టినవాడే అయినా, తోడేళ్ల మధ్య పెరిగిన మోగ్లీ అనే పిల్లాడి కథల్ని ఎక్కువగా అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో కూర్చుని రాశాడు. మొదటి సంపుటం 1894లో, రెండోది 1895లో వచ్చాయి. ఆ కథల్లో అడవి చాలా గంభీరమైన చోటు. దానికొక చట్టం ఉంటుంది, దాన్ని తప్పితే చావు ఉంటుంది. డిస్నీ స్టూడియోలో ఈ పుస్తకాన్ని సినిమాగా తీద్దామన్నవాడు బిల్ పీట్. ‘నూటొక్క డాల్మేషన్లు’ సినిమాకి కథ మొత్తం ఒంటిచేత్తో సిద్ధం చేసిన రచయిత. ఆయన తయారుచేసిన కథనం పుస్తకపు చీకటికి దగ్గరగా ఉంది. టెర్రీ గిల్కిసన్ కట్టిన పాటలూ ఆ తీరులోనే ఉన్నాయి. వాల్ట్ డిస్నీకి అది నచ్చలేదు. ఇంటిల్లిపాదీ చూసే సినిమాకి అంత బరువు ఎందుకన్నది ఆయన వాదం. ఇద్దరూ మెత్తబడే రకం కాదు. 1964లో పీట్ స్టూడియో వదిలి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కథ బాధ్యత లారీ క్లెమన్స్ బృందానికి వచ్చింది. వాల్ట్ పుస్తకం ఆయన చేతికిచ్చి, ముందు దీన్ని చదవకుండా ఉండమన్నాడని స్టూడియో చరిత్రలో బాగా చెప్పుకునే మాట. గిల్కిసన్ పాటల్లో ఒక్కటే మిగిలింది. బల్లూ పాడే ఆ పాట తర్వాత ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. మిగతా పాటలు రిచర్డ్, రాబర్ట్ షెర్మన్ సోదరులు రాశారు.

ఇలా కథ పలచనై పాత్రలు చిక్కనయ్యాయి. 78 నిమిషాల సినిమాలో కథంటూ చెప్పుకోవాల్సింది ఒక్క వాక్యం: పులి తిరిగొచ్చింది కాబట్టి మనిషి పిల్లాణ్ని మనుషుల ఊరికి చేర్చాలి. దారిలో ఒక్కో మజిలీలో ఒక్కో జంతువు ఎదురవుతుంది. బరువంతా ఆ ఎదురయ్యే జంతువు మీదే పడింది గనక, దానికి ఎవరి గొంతు అన్నది రచనలో భాగమైపోయింది. పీట్ రాసిన కథనంతో తీసివుంటే మరో గొప్ప సినిమా వచ్చేదేమో. ఆయన పక్షాన నాకు కొంత బాధ ఉంది. కానీ ఆయన కథనంలో ఇంత చోటు మాత్రం ఏ గొంతుకీ దొరికేది కాదు.

ఎలుగుబంటి మారిపోయింది

పుస్తకంలో బల్లూ ముసలి పంతులు. తోడేలు పిల్లలకి అడవి చట్టం వల్లెవేయిస్తాడు. మోగ్లీ పాఠం అప్పజెప్పకపోతే పంజాతో నాలుగు తగిలిస్తాడు కూడా. అంత గట్టి దెబ్బలెందుకని నల్ల చిరుత బఘీరా అడిగితే, తెలియకపోవడం వల్ల చచ్చేకంటే దెబ్బలు తినడం నయమని సమాధానం చెప్పే రకం. సినిమాలో బల్లూ దీనికి అచ్చంగా ఎదురు. పంతులు కాదు, బడి ఎగ్గొట్టించే నేస్తం.

ఈ మార్పు ఫిల్ హారిస్ వల్ల వచ్చింది. హారిస్ బ్యాండ్ నడిపిన సంగీతకారుడు. జాక్ బెన్నీ రేడియో కార్యక్రమంలో ఏళ్ల తరబడి బాధ్యతల పట్టింపు లేని సరదా మనిషిగా అమెరికన్లకి ఇంటింటా పరిచయం. వాల్ట్ ఆయన్ని ఎలుగుబంటికి సూచించినప్పుడు స్టూడియోలో చాలామందికి అనుమానమే. హారిస్‌కీ కాగితం మీద ఉన్న మాటలు పట్టుబడలేదు. తన ధోరణిలో చెప్పనివ్వమని అడిగి, ఆ మాటల్ని తన యాసలోకి వంచుకుని, కొన్నిచోట్ల అప్పటికప్పుడు కల్పించి చెప్పాడు. విన్నవాళ్లకి పాత్ర దొరికేసింది. నిజానికి అది మొదట్లో చిన్న వేషం. హారిస్ రికార్డింగు విన్నాక పెంచుకుంటూ పోయారు. సినిమాకి గుండెకాయ అయిన బల్లూ, మోగ్లీల అనుబంధం ఇలా గొంతు వెంబడి పెరిగిందే.

ఒక్క సన్నివేశం చూడండి. కోతుల శిథిల నగరం నుంచి తప్పించుకున్న మర్నాడు పొద్దున, నిన్ను మనుషుల ఊరికి పంపెయ్యాలని మోగ్లీకి చెప్పాల్సిన పని బల్లూ మీద పడుతుంది. సినిమా అంతా నోటికి అడ్డూ అదుపూ లేని మనిషి ఇక్కడ మాట కోసం తడుముకుంటాడు. ఏదో మొదలుపెడతాడు, ఆపేస్తాడు, గొంతు సవరించుకుంటాడు. హాస్యగాడి గొంతు బరువెక్కితే ఎంత గుచ్చుకుంటుందో మనకి తెలుసు, రేలంగినీ సుత్తి వీరభద్రరావునీ విన్నవాళ్లం. బల్లూ, మోగ్లీల సన్నివేశాలు గీసిన ఓలీ జాన్‌స్టన్, ఫ్రాంక్ థామస్‌లు ఈ తడబాటులో ఒక్కటీ పారబోయలేదు. చూపు పక్కకి తిప్పుకోవడం, చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడం, అన్నీ ఆ గొంతులోంచే తీశారు.

మరి బల్లూ ఎవరి సృష్టి? పేరు, అడవి కిప్లింగ్‌వి. సినిమా తీయాలన్న ఆలోచన పీట్‌ది. మనిషిని ఎంచింది వాల్ట్. గుణం హారిస్‌ది. కదలిక చిత్రకారులది. నా లెక్కలో పెద్ద వాటా హారిస్‌దే. ఎందుకంటే మిగతావాళ్లలో ఎవరు మారినా బల్లూ మరోలా ఉండేవాడు, హారిస్ లేకపోతే ఈ బల్లూ అసలు ఉండేవాడే కాదు. స్టూడియో కూడా అలాగే అనుకున్నట్టుంది. ఆ తర్వాత 1970లో ‘ది అరిస్టోక్యాట్స్’లో పిల్లిగా, 1973లో ‘రాబిన్ హుడ్’లో లిటిల్ జాన్‌గా ఆయన్నే పెట్టుకుంది. లిటిల్ జాన్ కూడా ఎలుగుబంటే, కొన్ని నాట్యపు కదలికలు బల్లూవే మళ్లీ వాడారు.

కేకెయ్యని పులి, జోకొట్టే పాము

షేర్ ఖాన్ తెర మీదికి రావడానికి సగం సినిమా పడుతుంది. అప్పటిదాకా అతని పేరు చెప్పుకుని అందరూ భయపడటమే. ఇంత ఎదురుచూపు తర్వాత పులి వచ్చి గాండ్రిస్తే అది మామూలు పులి అవుతుంది. జార్జ్ శాండర్స్ గొంతు దాన్ని మామూలు పులి కానివ్వలేదు. రష్యాలో పుట్టి ఇంగ్లండులో పెరిగిన నటుడు, ‘ఆల్ ఎబౌట్ ఈవ్’లో సహాయనటుడిగా ఆస్కార్ గెలిచినవాడు. పెద్దమనిషి తరహా విసుగు ఆ గొంతులో సహజంగా ఉండేది. అందుకే ఈ పులి మర్యాదస్తుడు. ఎదుటివాడి సమయం వృథా చేస్తున్నందుకు నొచ్చుకుంటున్నట్టు మాట్లాడుతూ పంజా గోళ్లు ఒక్కొక్కటే బయటికి తీస్తాడు. గీసినవాడు మిల్ట్ కాల్, స్టూడియోలో గీతకి తిరుగులేనివాడని పేరున్న చిత్రకారుడు. పులి తల ఎత్తే తీరు, గడ్డం కిందికి ఆనించి కనురెప్పలు సగం వాల్చే తీరు చూస్తే గీతా గొంతూ ఒకే మనిషివి అనిపిస్తుంది.

కొండచిలువ కా పాత్రకి జరిగిన అన్యాయం పుస్తకం చదివినవాళ్లకే తెలుస్తుంది. కిప్లింగ్ కథలో కా మోగ్లీ పక్షం. కోతులు పిల్లాణ్ని ఎత్తుకుపోతే బల్లూ, బఘీరాలతో కలిసి వెళ్లి విడిపించేది ఆ ముసలి కొండచిలువే. సినిమాలో కా మోగ్లీని మింగాలని చూసే మాయదారి. దీనికి గొంతు స్టెర్లింగ్ హాలోవేది. 1966 నాటి విన్నీ ద పూ చిత్రంలో తేనె కోసం పాకులాడే బొమ్మ ఎలుగు గొంతు కూడా ఈయనదే. పిల్లల్ని నిద్రపుచ్చే గొంతునే పిల్లాణ్ని మత్తులో ముంచే పాముకి ఇవ్వడం ఎంత ఆలోచించి చేసిన పనో గమనించండి. కా పాడే మత్తు పాటకి వాడిన బాణీ ‘మేరీ పాపిన్స్’ కోసం కట్టి పక్కన పడేసినది. మాటలు మార్చారు, హాలోవే నోట అది పాము పాటైపోయింది.

ఈ ఇద్దరూ కలిసే సన్నివేశమే నాకు సినిమా మొత్తంలో ఎక్కువ ఇష్టం. షేర్ ఖాన్ చెట్టు మీంచి వేలాడుతున్న తోకని కాలింగ్ బెల్లు లాగినట్టు లాగి ‘కా’ని కిందికి పిలుస్తాడు. పిల్లాడు ఎక్కడని అడుగుతాడు. ఒకడు నిదానంగా అడుగుతాడు, ఇంకొకడు బుసలు మింగుతూ అబద్ధమాడతాడు. పరుగు లేదు, పోరు లేదు, రెండు గొంతుల మధ్య ఉన్న ఎడమే ఉత్కంఠ అంతా.

బఘీరాకి గొంతిచ్చిన సెబాస్టియన్ కాబట్ గురించి తక్కువ చెప్పుకుంటారు. కథ చెప్పేదీ ఆయనే, బల్లూ వేషాలకి విసుక్కునేదీ ఆయనే. ఆ నిలకడ లేకపోతే హారిస్ అల్లరికి ఆసరా ఉండదు. ఏనుగుల దండుకి అధిపతి కల్నల్ హాథీకి జె. పాట్ ఒమాలీ గొంతు. పుస్తకంలో హాథీ అడవికే పెద్ద, మితభాషి. సినిమాలో పాత యుద్ధాల గొప్పలు చెప్పుకునే రిటైర్డు బ్రిటిష్ అధికారి. అతని భార్య వినిఫ్రెడ్‌కి గొంతు వెర్నా ఫెల్టన్‌ది. 1941లో ‘డంబో’లో ఏనుగుకి గొంతు ఇచ్చింది కూడా ఈవిడే. డిస్నీ వాళ్లకి ఏనుగుతో మొదలై ఏనుగుతోనే ముగిసిన ఈమె 1966 డిసెంబరు 14న కన్నుమూశారు. మర్నాడే వాల్ట్ డిస్నీ పోయారు. విడుదలైన సినిమాని ఇద్దరూ చూడలేదు.

కింగ్ లూయీ దగ్గర చిక్కుముడి

కోతుల రాజు కింగ్ లూయీ పుస్తకంలో లేడు. కిప్లింగ్ చెప్పే కోతులకి రాజన్నవాడే ఉండడు, నాయకుడు లేకపోవడమే వాటి లక్షణం. పైగా లూయీ ఒరాంగుటాన్. ఆ జాతి బోర్నియో, సుమత్రా దీవుల్లోనే ఉంటుంది, మన అడవుల్లో ఉండదు. భారతదేశంలో వాలిడి (తోకలేని కోతి) జాతుల్లో ఈశాన్య అడవుల్లోని హులాక్ గిబ్బన్లు తప్ప వేరే లేవు. ఈ పాత్ర పూర్తిగా గొంతు కోసం పుట్టింది. న్యూ ఆర్లియన్స్‌కి చెందిన బ్యాండ్ నాయకుడు లూయీ ప్రైమా చేత పాడించాలన్న ఆలోచన రాగానే అతని పేరే కోతికి పెట్టేశారు. ప్రైమా, అతని బృందం వేదిక మీద ఊగే తీరు చూసి కోతుల చిందులు గీశారు.

మొదట లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు అనుకున్నారు. నల్లజాతి కళాకారుడి చేత కోతి వేషానికి పాడిస్తే అవమానంగా ఉంటుందని స్టూడియోలోనే అభ్యంతరం వచ్చి మానుకున్నారు. ఇటలీ మూలాలున్న ప్రైమాని తీసుకున్నారు. దాంతో చిక్కు విడిపోయిందా? లేదు. లూయీ పాడేది జాజ్, అందులో అర్థంలేని అక్షరాలతో ఆడుకుంటూ పాడే స్కాట్. అది నల్లజాతి సంగీతకారుల చేతుల్లో పెరిగిన సంగీతం. మనిషిలా అవ్వాలనుంది, నిప్పు రహస్యం చెప్పమని ఒక కోతి ఆ సంగీతంలో అడుక్కుంటుంటే, పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న 1960ల అమెరికాలో దాని అర్థం ఎటు పోతుందో విమర్శకులు అప్పట్నుంచీ ఎత్తిచూపుతూనే ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉందని నేననుకుంటాను. గాయకుడి ఒంటిరంగు మార్చినంత మాత్రాన పాత్ర లోపలున్న పోలిక పోదు. అదే సమయంలో ప్రైమా, హారిస్‌లు ఒకరికొకరు స్కాట్ విసురుకునే ఆ నిమిషాలు అచ్చమైన సంగీతానందం. ప్రైమా ముందు పాడి వెళ్లాడు. తర్వాత వేరుగా వచ్చిన హారిస్, ఆయన్ని అనుకరించకుండా తన పద్ధతిలో జవాబిచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పోటీ పడినట్టు మనకి వినిపిస్తుంది. ఈ రెండు నిజాలూ ఒకేచోట ఉన్నాయి, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యలేం.

2003లో వచ్చిన రెండో భాగంలో లూయీ కనబడడు. 2016లో డిస్నీ వాళ్లే మళ్లీ తీసిన ‘ది జంగిల్ బుక్’లో అతన్ని జైగాంటోపిథెకస్ అనే అంతరించిపోయిన భారీ వాలిడిగా మార్చారు. భూగోళం తప్పు అలా సర్దుకుంది.

పిల్లాడి గొంతు, రాబందుల జుట్టు

మోగ్లీకి మొదట గొంతు ఇచ్చింది డేవిడ్ బెయిలీ. బొమ్మల సినిమాకి ఏళ్లు పడతాయి, పిల్లల గొంతు అన్నేళ్లు ఆగదు. అతని గొంతు మారిపోవడంతో దర్శకుడు వుల్ఫ్‌గాంగ్ రైథర్‌మన్ తన కొడుకు బ్రూస్‌నే మైకు ముందు నిలబెట్టాడు. బ్రూస్ నటనలో శిక్షణ పొందిన మెరుపులేమీ లేవు. మామూలు పిల్లాడి మొండితనం ఉంది, అంతే సరిపోయింది. చుట్టూ ఆరితేరిన రేడియో, సినిమా గొంతులు హడావుడి చేస్తుంటే మధ్యలో ఈ సాదా గొంతే నిజమనిపిస్తుంది. బ్రూస్ రైథర్‌మన్ పెద్దయ్యాక వన్యప్రాణుల మీద డాక్యుమెంటరీలు తీసేవాడయ్యాడు.

రాబందుల సంగతి త్వరగా చెప్పేస్తాను. నలుగురూ ఇంగ్లండు రాక్ బృందం బీటిల్స్‌ని తలపించే జుట్టుతో, లివర్‌పూల్ యాసతో ఉంటారు. బీటిల్స్ చేతే చెప్పించాలని ప్రయత్నించారు, కుదరలేదు. యాస మాత్రం ఉండిపోయింది. వాళ్ల పాటని రాక్ బాణీలో చేస్తే పదేళ్లకి పాతబడుతుందని వాల్ట్ భావించడంతో పాతకాలపు బార్బర్‌షాప్ బృందగానం పద్ధతిలో కట్టారు. ఆ పాట చివర్లో షేర్ ఖాన్ అందుకుని పాడే ముక్క శాండర్స్‌ది కాదు, బిల్ లీ అనే గాయకుడిది. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో కెప్టెన్ వాన్ ట్రాప్‌కి పాడింది కూడా ఈయనే. ఘంటసాల, రామారావుల జోడీని చూసి పెరిగిన మనకి ఇందులో వింతేం లేదు.

ఏ దేశపు అడవి?

గొంతుల చిట్టా ఒకసారి వరసగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. అధికారం, క్రమశిక్షణ, కుటిలత్వం ఉన్న బఘీరా, హాథీ, షేర్ ఖాన్‌లకి ఇంగ్లండు ఉచ్చారణ. సరదా, స్నేహం, సంగీతం ఉన్న బల్లూ, లూయీలకి అమెరికా ఉచ్చారణ. అప్పటి అమెరికన్ ప్రేక్షకుడికి ఎవరు పెద్దమనుషులో, ఎవరు మనవాళ్లో యాసే చెప్పేసింది. ఇదంతా జరుగుతున్నది మధ్య భారతంలో. ప్రధాన పాత్రల్లో భారతీయ గొంతు ఒక్కటీ లేదు. చివర్లో నీళ్లబిందెతో వచ్చి మోగ్లీని ఊళ్లోకి రప్పించే అమ్మాయి పాట కూడా డార్లీన్ కార్ అనే అమెరికన్ యువనటి పాడిందే.

కిప్లింగ్ అడవికి మాత్రం నిజమైన చిరునామా ఉంది. మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండలు, ఇవాళ పెంచ్ పులుల అభయారణ్యం ఉన్న ప్రాంతం, అక్కడి వైన్‌గంగ నది. ఆ వైన్‌గంగే వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది, ప్రాణహిత మన కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ అడవిలో నిజంగా తిరిగే ఎలుగుబంటి మన నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో కనబడే నల్లటి జూలు ఎలుగే. తేనెపట్లూ చెదపుట్టలూ దానికి ప్రాణం. తెర మీది బూడిదరంగు బల్లూకి దానితో పెద్దగా పోలిక లేదు. గొంతుని నమ్ముకుని పాత్రలు కట్టినప్పుడు, ఆ గొంతు వచ్చిన చోటే అడవి అయిపోతుంది. న్యూ ఆర్లియన్స్, లండన్, అమెరికన్ రేడియో స్టూడియో కలిస్తే వచ్చిన అడవి ఇది. ప్రేమగా చూస్తాను, కానీ దీన్ని మన అడవి అని పిల్లలకి చూపించను.

మన చెవికి చేరిన దారి

ఇక్కడ ఒక పొరపాటు విడదీయాలి. 1990ల్లో మన ఇళ్లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో చూసిన మోగ్లీ డిస్నీ వాళ్లది కాదు. అది జపాన్‌లో తయారైన 52 భాగాల సీరియల్. హిందీలో వచ్చింది. గుల్జార్ రాసి విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన పాట హిందీ రానివాళ్లకి కూడా నోటికొచ్చేసింది. అందులో షేర్ ఖాన్‌కి నానా పాటేకర్ గొంతు. 2016 సినిమా హిందీలోకి వచ్చినప్పుడు మళ్లీ ఆయన చేతే షేర్ ఖాన్‌కి చెప్పించారు. ఒక తరం చెవిలో ఆ పులికి ఆ గొంతే ఖాయమైపోయిందని తెలిసి చేసిన పని. డిస్నీ బల్లూ కూడా దూరదర్శన్‌కి వచ్చాడు, విమానం నడిపే ‘టేల్‌స్పిన్’ బల్లూగా. మూలంలోనే అతని గొంతు హారిస్‌ది కాదు, ఎడ్ గిల్బర్ట్‌ది. 2003లో జాన్ గుడ్‌మన్, 2016లో బిల్ మర్రే. ప్రతివాళ్లూ హారిస్ వదిలివెళ్లిన సోమరి ధీమాకి వారసులే, కిప్లింగ్ పంతులుకి కారు.

ఇక తెలుగు. 2019లో ‘ది లయన్ కింగ్’ తెలుగులో సింబాకి నాని, స్కార్‌కి జగపతిబాబు, ముఫాసాకి పి. రవిశంకర్, అడవిపంది పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ చెప్పారు. 2024లో ముఫాసా యువకుడై వచ్చినప్పుడు మహేశ్‌బాబు గొంతుతో వచ్చాడు. జనానికి తెలిసిన మనిషిని పాత్రలోకి తేవడం అన్న సూత్రం హారిస్ నాటిదే. తేడా ఒక్కటే, కానీ చాలా పెద్దది. హారిస్ మాట్లాడాక బొమ్మ గీశారు. బ్రహ్మానందం మైకు ముందుకి వచ్చేసరికి బొమ్మ పూర్తయిపోయి ఉంది. ఆయన ఎంత సాగదీయాలన్నా అడవిపంది నోరు ఆగదు.

ఇందులో భాష తెచ్చిపెట్టే ఇబ్బంది కూడా ఉంది. ప, బ, మ పలికితే పెదాలు మూసుకుంటాయి, ప్రేక్షకుడి కన్ను అక్కడే పట్టేస్తుంది. ఇంగ్లిషు మాటలు చాలావరకు హల్లుతో ఆగిపోతాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరిచే ఉంటుంది. క్రియ చివరికి వస్తుంది గనక, ఇంగ్లిషులో మొదట్లోనే పడ్డ విరుపు తెలుగులో ఆఖరికి జరిగిపోతుంది. బొమ్మ ముందు ఉలిక్కిపడుతుంది, మాట తర్వాత వస్తుంది. దీన్ని సర్దేవాడు గొంతు చెప్పే నటుడికంటే ముందు డబ్బింగ్ రచయిత. పెదాల మూత ఎక్కడుందో చూసి అక్కడ ‘బాబూ’ అనో ‘అమ్మో’ అనో పడేలా వాక్యాన్ని తిరగేసి కట్టే పని అతనిది.

బ్రహ్మానందం, అలీల జోడీ బాగా పండటానికి కారణం వాళ్ల పేరు ఒక్కటే కాదు. టిమోన్, పుంబాలు ఒకరి మాట మీద ఒకరు ఎక్కేసే జోడీ. ఆ తాళం ఈ ఇద్దరు నటులకీ దశాబ్దాలుగా ఉంది. రవిశంకర్ ముఫాసా నిలబడింది ఇంకో కారణంతో. ఆయన వృత్తే డబ్బింగ్, తండ్రి పి.జె. శర్మ నాటి నుంచి ఆ ఇంట్లో ఉన్న విద్య. పరాయి నోటి కదలికలో తన ఊపిరి ఇమిడ్చడం ఆయనకి తెలుసు. హీరోకి పోస్టరు మీద ఉన్న విలువ నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ పూర్తయిన బొమ్మకి ప్రాణం పొయ్యాల్సి వచ్చినప్పుడు ఈ రెండో విద్యే ఎక్కువ అక్కరకొస్తుందని నా నమ్మకం.

డబ్బింగ్‌తోనే ఒక దేశం ఈ సినిమాని సొంతం చేసుకున్న దాఖలా ఉంది. 1968 డిసెంబరులో ‘జంగిల్ బుక్’ జర్మన్ భాషలో విడుదలైంది. హైన్‌రిష్ రీట్‌ముల్లర్ అనే సంగీతకారుడు డైలాగుల్నీ పాటల్నీ జర్మన్‌లో మళ్లీ కట్టించాడు. జర్మనీ హాళ్లలో అత్యధికంగా టికెట్లు తెగిన సినిమాల్లో ఇదొకటిగా ఇప్పటికీ నిలిచి ఉంది. అక్కడ ఈ పని చేసింది పేరున్న హీరోలు కాదు, పాటనీ మాటనీ ఒకే చెవితో విన్న ఒక బృందం. మన దగ్గర అలాంటి చెవి ఉన్న రచయితలు లేకపోలేదు. వాళ్లకి విడుదల తేదీకి చాలా ముందే సినిమా చూపించాలి. పాటల్ని మాటలు రాసిన చేత్తోనే రాయించాలి. పోస్టరు మీద హీరో పేరు పక్కన తోడేళ్లకీ రాబందులకీ చెప్పినవాళ్ల పేర్లు కూడా వెయ్యాలి.